కార్ల మార్కెట్‌ను చదవడం – 4వ పాఠం: సంక్షోభంలో కొత్త కారు, క్లాసిక్ కారు

పోయిన పాఠంలో ఇచ్చిన ఈఎంఐ లెక్కకు జవాబు ముందు సరిచూసుకోండి. అప్పు 100, ఏడాదికి 9 శాతం వడ్డీ, గడువు 60 నెలలు. ఈఎంఐ 2.08 రావాలి. వడ్డీ 12 శాతమైతే 2.22. అంటే నెలకు కట్టేది 7 శాతం పెరిగింది, అంతే. 7 శాతానికే షోరూమ్‌కు కొనేవాళ్లు రాకుండా పోరు. అయినా ఆర్థిక సంక్షోభం వచ్చిన ప్రతిసారీ 'వడ్డీ పెరిగింది, అమ్మకాలు పడ్డాయి' అని ఒక్క వాక్యంతో తేల్చేస్తుంటారు. అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో వెతకడమే ఈ పాఠం. లెక్క తేలిగ్గా ఉండడానికి ధరలన్నీ 100 ఆధారంగా తీసుకుందాం.

అప్పు ఇచ్చేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే

సంక్షోభంలో బ్యాంకు వడ్డీ రేటుతో పాటు షరతులనూ మారుస్తుంది. 10 శాతం డౌన్ పేమెంట్ అడిగే చోట 25 అడుగుతుంది. 84 నెలల గడువును 60కి కుదిస్తుంది. ఈ రెండూ కలిసి మొదటి దెబ్బ, వడ్డీ కంటే గట్టిది. 9 శాతం వడ్డీకి 84 నెలలైతే ప్రతి 100 అప్పుకు ఈఎంఐ 1.61. అదే వడ్డీకి 60 నెలలైతే 2.08. రేటు చుక్క కూడా కదలకుండానే నెలసరి భారం 29 శాతం పెరిగింది. చేతిలోంచి ముందుగా పెట్టాల్సింది 10 నుంచి 25కి, అంటే రెండున్నర రెట్లకు చేరింది. కాబట్టి మార్కెట్‌ను చూసేటప్పుడు మీ పుస్తకంలో వడ్డీ రేటు పక్కన సగటు గడువు, కనీస డౌన్ పేమెంట్ కూడా నెలనెలా రాసుకోండి. రేటు మారడానికి ముందే ఇవి కదలడం తరచూ కనిపిస్తుంది.

రెండో దెబ్బ పాత కారు దగ్గర తగులుతుంది. రెండేళ్ల కిందట 100 పెట్టి కారు కొన్న మనిషిని తీసుకుందాం. 90 అప్పు, 9 శాతం, 84 నెలలు. 24 ఈఎంఐలు కట్టాక కూడా దాదాపు 70 బాకీ ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ కారుకు 65 వస్తుందనుకోండి. ఇంకో 5 చేతి నుంచి వేసుకుని అప్పు తీర్చి కొత్తది తీసుకుంటాడు. సంక్షోభంలో సెకండ్ హ్యాండ్ ధర 15 శాతం పడి 55కి వస్తే, ఇప్పుడు చేతి నుంచి వేయాల్సింది 15. దాని మీద కొత్త కారుకు డౌన్ పేమెంట్ 25. ఉద్యోగం పదిలంగా ఉన్నా ఆ మనిషి ఎక్స్ఛేంజ్‌కు రాడు. రాకపోవడంలో అతని భయం కొంతే, మిగతాదంతా ఈ లెక్కే.

మూడోది కొనుగోలును వాయిదా వేయడం. 1,200 కార్లున్న ఒక ఊహా మార్కెట్లో అందరూ ఆరేళ్లకోసారి కారు మారుస్తారనుకుందాం. ఏడాదికి 200 కొత్తవి అమ్ముడవుతాయి. అందరూ 'ఇంకో ఏడాది నడిపిద్దాం' అనుకుంటే ఆ ఏడాది అమ్మకం సున్నా. సగం మంది అనుకుంటే 100. కారు వాడకం ఒక్క కిలోమీటరు తగ్గకపోయినా అమ్మకం సగానికి పడింది. అమెరికాలో 2007లో సుమారు 1.61 కోట్ల కొత్త వాహనాలు అమ్ముడైతే 2009లో 1.04 కోట్లకు దిగాయి. అంటే 35 శాతం పతనం. అదే సంక్షోభంలో ఆ దేశపు మొత్తం ఉత్పత్తి పడింది సుమారు 4 శాతమే. ఆ అగాధానికి పెద్ద కారణాల్లో ఈ వాయిదా ఒకటి. 2009 ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా కోర్టుకు వెళ్లాయి. ఫ్యాక్టరీ ఖర్చులో పెద్ద భాగం బండ్లు తయారైనా కాకపోయినా అయ్యేదే. అందుకే అమ్మకం 35 శాతం పడితే లాభం 35 శాతం తగ్గడంతో ఆగదు, నష్టంలోకి జారిపోతుంది.

ఎన్ని రోజుల స్టాక్?

షోరూమ్ పరిస్థితి ఒక్క అంకెలో కావాలంటే నిల్వను రోజువారీ అమ్మకంతో భాగించండి. 600 కార్లు, రోజుకు 10 అమ్మకం: 60 రోజుల స్టాక్. అమ్మకం రోజుకు 6కి పడితే అవే 600 కార్లు 100 రోజుల స్టాక్ అవుతాయి. పైగా ముందు ఇచ్చిన ఆర్డర్ల బండ్లు ఇంకా దిగుతూనే ఉంటాయి. డీలర్ ఆ స్టాక్‌ను అప్పు మీదే నిలబెడతాడు, రోజూ వడ్డీ పెరుగుతుంది. డిస్కౌంట్ లోతు ఈ అంకె వెంటే నడుస్తుంది. బేరానికి కూర్చునే ముందు మోడల్ పేరు కంటే ఆ బండి తయారీ నెల చూడండి. నాలుగు నెలలుగా నిలిచిన బండి మీద డీలర్ దిగినంత నిన్న దిగిన బండి మీద దిగడు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. ప్రతి సంక్షోభంలోనూ స్టాక్ పెరుగుతుందనుకుంటారు. 2020లో కార్ల కంపెనీలు గిరాకీ పడిందని చిప్‌ల ఆర్డర్లు రద్దు చేశాయి. చిప్ తయారీదార్లు ఆ సామర్థ్యాన్ని కంప్యూటర్లు, ఫోన్ల వైపు మళ్లించారు. గిరాకీ తిరిగొచ్చేసరికి చిప్‌లు లేవు, కొత్త కార్లు లేవు. అమెరికాలో 2021 జూన్ నాటి సెకండ్ హ్యాండ్ ధరల సూచీ అంతకు ముందు ఏడాది కంటే 45 శాతం పైన ఉంది. కాబట్టి అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: లేనిది కొనేవాళ్లా, బండ్లా? రోజుల స్టాక్ అంకె దీనికి సూటిగా జవాబిస్తుంది.

ప్రభుత్వ పథకాలు వస్తే లెక్కను రెండేళ్లకు కలిపి వేయండి. జర్మనీ 2009లో 9 ఏళ్లు దాటిన కారును తుక్కుకు ఇచ్చి కొత్తది కొంటే 2,500 యూరోలు ఇచ్చింది. మొత్తం 500 కోట్ల యూరోలు, అంటే 20 లక్షల కార్లకు సరిపడా. 2008లో సుమారు 30.9 లక్షలున్న కొత్త రిజిస్ట్రేషన్లు 2009లో 38.1 లక్షలకు ఎగిసి, 2010లో 29.2 లక్షలకు దిగాయి. రేపటి అమ్మకంలో కొంత ఈ రోజుకు జరిగింది. అదే ఏడాది అమెరికాలో వచ్చిన ఇలాంటి పథకంలో పాత బండి ఇంజిన్‌లో సోడియం సిలికేట్ ద్రావణం పోసి, అది బిగుసుకుపోయేదాకా నడిపి పాడుచేసేవారు. 25 ఏళ్లు నిండిన బండ్లను ఆ పథకంలోకి తీసుకోలేదు. క్లాసిక్ కార్ల (ఇష్టంతో సేకరించే పాత కార్ల) ప్రియులకు అది పెద్ద ఊరట.

క్లాసిక్ కారుకు వేరే గడియారం

క్లాసిక్‌కు ఫ్యాక్టరీ లేదు, నెలవారీ టార్గెట్ లేదు. యజమానికి రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే బండి ఉంటుంది. ధర నచ్చకపోతే అమ్మడు, షెడ్డులో కవర్ కప్పి ఉంచుతాడు. అందుకే సంక్షోభంలో ముందు తగ్గేది అమ్మకాల సంఖ్య, ధర తర్వాత తగ్గుతుంది. ధర నిలబడిందన్న వార్త చూసి మార్కెట్ బాగుందనుకోవద్దు. చేతులు మారిన బండ్లెన్నో ముందు చూడండి. అమ్మక తప్పని మూడు సందర్భాలను వేలం లోకం ఎప్పుడూ చెప్పుకుంటుంది: మరణం, విడాకులు, అప్పు. సంక్షోభం పెంచేది ప్రధానంగా మూడోదాన్ని.

కాబట్టి క్లాసిక్ మార్కెట్ ఎంత లోతుకు పడుతుందో తెలియాలంటే, అంతకు ముందు ఆ కార్లను ఎవరి డబ్బుతో కొన్నారో చూడాలి. 1980ల చివర్లో కొన్నది చాలావరకు అప్పుతో, మళ్లీ అమ్మి లాభం చేసుకోవాలని. ఫెరారి కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారి 1988 ఆగస్టులో చనిపోయాక ఫెరారి ధరలు ఇంకా పైకి వెళ్లాయి. ఆ కంపెనీ ఎఫ్40 మోడల్ కోసం క్యూలో ఉన్న చోటునే అమ్ముకునేవారు. 400 చేస్తామనుకున్న ఆ కారు చివరికి 1,300కు పైగా తయారైంది. మరోవైపు బ్రిటన్‌లో బ్యాంకు రేటు 1988 మేలో 7.5 శాతం నుంచి 1989 అక్టోబరుకు 15 శాతానికి చేరింది. వడ్డీ భరించలేనివాళ్లంతా ఒకేసారి అమ్మకానికి దిగారు, మార్కెట్ కూలింది.

2009లో అలా జరగలేదు. సంక్షోభం ఇంకా నడుస్తుండగానే ఆ ఏడాది మేలో ఇటలీలోని మారనెల్లో ఊరి వేలంలో 1957 నాటి ఫెరారి 250 టెస్టా రోసా 90.2 లక్షల యూరోలకు పోయింది. అప్పటికి వేలంలో ఒక కారుకు పలికిన అత్యధిక ధర అదే. షేర్ల మీద నమ్మకం పోయిన డబ్బు అరుదైన వస్తువు వైపు రావడం దీని వెనక ఉంది. అయితే ఆ ఒక్క అంకెను మధ్యతరగతి క్లాసిక్‌కు అన్వయించకండి.

వేలం ఫలితాన్ని చదివే పద్ధతి

ఒకే మోడల్ కార్లు ఐదు వేలానికొచ్చాయి. మొదటి ఏడాది ఐదూ అమ్ముడయ్యాయి: 120, 100, 95, 80, 70. సగటు 93. రెండో ఏడాది మళ్లీ ఐదు వచ్చాయి. రెండే అమ్ముడయ్యాయి: 110కి, 92కి. మిగతా మూడింటి పాట 70, 60, 50 దగ్గర ఆగి, రిజర్వ్ ధర (అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర) అందక వెనక్కి వెళ్లాయి. అమ్ముడైనవాటి సగటు 101! 'ధరలు 9 శాతం పెరిగాయి' అని పత్రిక రాస్తుంది. ఆగిన పాటల్ని కూడా కలిపితే సగటు 76, మధ్యగతం (వరుసలో నడిమి అంకె) 95 నుంచి 70కి జారింది. అమ్ముడైన శాతం 100 నుంచి 40కి పడిందన్నదే ఇక్కడి అసలు వార్త.

ఒక జాగ్రత్త. రిజర్వ్ చేరేదాకా అమ్మేవాడి తరఫున వేలందారే పాట పెంచే వీలు చాలాచోట్ల ఉంది. కాబట్టి ఆగిన పాట వెనక నిజమైన కొనుగోలుదారు ఉన్నాడని హామీ లేదు. దాన్ని ధరల వరుసలో కలపకుండా, పక్కన వేరే వరుసలో రాసుకోండి. అలాగే ప్రకటించిన ధరలో కొనేవాడు వేలం సంస్థకు కట్టే కమిషన్ కలిసి ఉందో లేదో చూడండి. ఒక వేలం అంకెను కమిషన్‌తో, ఇంకోదాన్ని లేకుండా పోలిస్తే లేని పెరుగుదల పుట్టుకొస్తుంది.

రిపేరు బండి ఎందుకు ఎక్కువ పడుతుంది

బాగుచేసిన కారు ధరలోంచి బాగుచేసే ఖర్చు తీసేస్తే మిగిలేదే రిపేరు బండికి, అంటే ఇంకా బాగుచేయాల్సిన క్లాసిక్‌కు, ఇవ్వగల గరిష్ఠ ధర. 100 – 50 = 50. సంక్షోభంలో బాగున్న కారు 80కి దిగింది. రంగు, క్రోమ్, తోలు, మెకానిక్ కూలి అంతగా దిగవు, ఖర్చు 48 అనుకోండి. మిగిలేది 32. బాగున్న కారు 20 శాతం పడితే రిపేరు బండి 36 శాతం పడింది. చవగ్గా కనిపించినా అది చవక కాదు, కొత్త లెక్క ప్రకారం సరైన ధరే. 32 కంటే కింద దొరికితేనే ఆలోచించండి.

సంక్షోభంలో అమ్మకానికొచ్చే బండ్లు చాలావరకు నెలల తరబడి కదలనివి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసనకు బదులు వార్నిష్ వాసన వస్తే ఇంధనం చెడింది, ట్యాంకు ఖాళీ చేయాలి. స్టార్టర్ తిప్పనివ్వకండి. స్పార్క్ ప్లగ్‌లు తీయించి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం నూనె వేసి ఒక రాత్రి ఉంచి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ముందుండే కప్పీ) బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో తిప్పించండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపాలి, బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. బ్రేకు నొక్కి వదిలాక చక్రం తిరగకపోతే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) బిగుసుకుని ఉండొచ్చు, లేదా రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ద్రవాన్ని వెనక్కి రానివ్వకపోవచ్చు. రెంటికీ ఖర్చు వేరు. ఇక బండి మీద తీరని అప్పు లేదని అప్పిచ్చిన సంస్థ నుంచే కాగితం తెప్పించుకోకుండా బయానా ఇవ్వకండి.

అభ్యాసం

1. ఒక వేలంలో 48 కార్లు నమోదయ్యాయి. 4 ముందే వెనక్కి తీసుకున్నారు, 22 అమ్ముడయ్యాయి. అమ్ముడైన శాతాన్ని 48తో, 44తో విడివిడిగా లెక్కించి, ఏది ఎప్పుడు వాడాలో రెండు వాక్యాల్లో రాయండి.

2. బాగున్న కారు 60, బాగుచేసే ఖర్చు 35. ఖర్చు మారకుండా బాగున్న కారు ధర 15 శాతం పడితే రిపేరు బండి ధర ఎంత శాతం పడాలి?

3. మీరు గమనిస్తున్న ఒక కొత్త మోడల్‌కు రోజుల స్టాక్‌ను వారానికోసారి చొప్పున నాలుగు వారాలు రాయండి. 5వ పాఠంలో ఆ నాలుగు అంకెలతోనే పని మొదలవుతుంది.