చదివింది నిలవడం లేదా? నాకు పనిచేసింది ఇదీ

రాత్రి నాలుగుసార్లు చదివిన పాఠం పొద్దున పరీక్షలో కూర్చునేసరికి మాయం. పేజీలో పైన గీసిన పసుపు గీత కళ్లకు కట్టినట్టు కనిపించేది, దాని కింద ఏముందో మాత్రం రాదు.

తర్వాత అర్థమైంది, మళ్లీ మళ్లీ చదివితే వాక్యాలు కళ్లకు అలవాటవుతాయి, ఆ అలవాటునే మనం 'వచ్చేసింది' అనుకుంటాం. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లోనే ప్రచురించాడు. మొదటి గంటల్లోనే చాలావరకు పోతుందట, ఆ తర్వాత పోయేది నెమ్మదిగా.

అందుకే పుస్తకం మూసేసి ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా రాయడం మొదలుపెట్టాను. మొదటిరోజు కిరణజన్య సంయోగక్రియ మూడు లైన్లే వచ్చింది, ఆక్సిజన్ వెలువడేది కాంతి చర్యలోనా చీకటి చర్యలోనా అన్నచోట పెన్ను ఆగిపోయింది. ఐదు నిమిషాలు గింజుకుని, అప్పుడు పుస్తకం తెరిచాను. కాంతి చర్యలోనే, నీరు విడిపోయినప్పుడు. అంత గింజుకున్నాను కాబట్టే అది ఇక మర్చిపోలేదు. మర్నాడు, మూడు రోజులకి, వారానికి మళ్లీ అదే పని, ప్రతిసారీ కొత్త కాగితం మీదే. పొడుగు జాబితాలైతే నాలుగేసి చొప్పున విడగొట్టుకున్నాను. నిద్ర మానుకుని చదవడం పూర్తిగా ఆపేశాను, చదివింది కుదురుకోవడానికి నిద్ర కావాలి.

ఇప్పుడు అదే పాఠానికి కాగితం రెండువైపులా నిండుతోంది.