సగం ఛానెళ్ళు మాయమైతే తప్పు టీవీది కాకపోవచ్చు

తెర మీద "నో సిగ్నల్" అని కనిపించగానే టీవీ పాడైందని తీర్మానించేవారు ఇప్పటికీ ఎక్కువగానే ఉన్నారు. ఆ మాటను చూపగలుగుతోందంటే టీవీ పనిచేస్తున్నట్టే. ఎంచుకున్న పోర్టులోకి ఏమీ రావడం లేదని మాత్రమే దాని అర్థం. సెట్‌టాప్ బాక్సు రెండో హెచ్‌డీఎంఐ పోర్టుకు కలిపి ఉండగా, పిల్లలు సోర్సును మొదటిదానికి మార్చి ఉంటారు. రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి సరిచేస్తే సరిపోతుంది. పనిముట్ల సంచీ మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కి నేను చేసి వచ్చిన పని చాలాసార్లు ఇంతే.

టీవీ కాక బాక్సే సందేశం చూపుతుంటే దానిని పూర్తిగా చదవాలి. ఛానెల్ మీ ప్యాక్‌లో లేదని ఉంటే అది రీచార్జికి సంబంధించిన సంగతి. సిగ్నల్ అందడం లేదని ఉంటే చూడవలసింది డిష్‌నూ కేబుల్‌నూ. జోరువానలో అన్ని ఛానెళ్ళూ ఒకేసారి పోయి, వాన తగ్గగానే తిరిగి వస్తే అది ఉపగ్రహం నుంచి డిష్‌కు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలకు సహజమైన ఇబ్బందే కనుక, ఏమీ చేయనవసరం లేదు.

వాన వెలిసి రెండు రోజులైనా కొన్ని ఛానెళ్ళు చక్కగా వస్తూ, మరికొన్ని అసలు రాకపోతే మాత్రం జాగ్రత్తగా చూడాలి. నన్ను బాగా ఇబ్బంది పెట్టిన లోపం ఇదే. బాక్సు నుంచి, డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే భాగానికి వెళ్ళే ఒకే కేబుల్ ఇటు సిగ్నల్‌ను దించుతుంది, అటు కరెంటును పంపుతుంది. ఉపగ్రహం నుంచి కొన్ని ఛానెళ్ళు నిలువు ధ్రువణంలోనూ (తరంగం నిలువుగా ఊగుతూ), కొన్ని అడ్డ ధ్రువణంలోనూ (అడ్డంగా ఊగుతూ) వస్తాయి. మామూలు ఎల్‌ఎన్‌బీకి బాక్సు 13 వోల్టులు పంపితే నిలువువి, 18 వోల్టులు పంపితే అడ్డవి అందుతాయి. డిష్ దగ్గర కేబుల్ కొసన తిప్పి బిగించే ఎఫ్ కనెక్టర్‌లోకి నీరు చేరి కేబుల్ నడిమి తీగకు చిలుము పట్టినప్పుడు, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, అక్కడ నిరోధం పెరుగుతుంది. చవక కేబుళ్ళలో ఆ తీగ రాగి పూత పూసిన ఉక్కే కనుక పూత పోగానే తుప్పు పడుతుంది. ఎల్‌ఎన్‌బీ 150 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందనుకుంటే, 20 ఓముల నిరోధం చేరగానే 3 వోల్టులు దారిలోనే పోతాయి. బాక్సు 18 పంపినా పైకి చేరేది 15. ఇంకాస్త తగ్గితే ఎల్‌ఎన్‌బీ నిలువు ధ్రువణంలోనే ఉండిపోతుంది. అడ్డ ధ్రువణపు ఛానెళ్ళన్నీ పోతాయి.

ఒక ఇంట్లో ఇదే సమస్య వచ్చినప్పుడు, నేను కేబుల్‌ను ఎల్‌ఎన్‌బీ నుంచి విప్పి, దాని కొసన మల్టీమీటరు పెట్టి 18 వోల్టులు చూసి, కేబుల్ నిక్షేపంగా ఉందని చెప్పాను. ఎల్‌ఎన్‌బీని మార్చాను, బాక్సునూ మార్పించాను. రాని ఛానెళ్ళు రానేలేదు. కరెంటు పారనప్పుడు వోల్టేజీ పడిపోదన్న చిన్న సంగతి మూడోసారి మేడ ఎక్కినప్పుడు గాని తట్టలేదు. ఆ కొలత ఎల్‌ఎన్‌బీకి కరెంటు పారుతుండగా తీసుకోవలసింది. బాక్సు మెనూలో సిగ్నల్ బలం బాగుందని కనిపించినా నమ్మడానికి లేదు. అది చాలాసార్లు, చక్కగా వస్తున్న ఛానెల్ తాలూకు ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో కొన్ని ఛానెళ్ళను పంపే భాగం) బలాన్నే చూపుతుంది.

పరిష్కారానికి ముందు బాక్సు ప్లగ్గు తీసేయాలి. తరువాత ఎల్‌ఎన్‌బీ వైపు కనెక్టర్‌ను విప్పి, రాగి మెరుస్తూ, చుట్టూ ఉన్న జాలీ నల్లబడకుండా కనిపించేంతవరకు కేబుల్‌ను రెండు మూడు అంగుళాలు కోసి, కొత్త కనెక్టర్ బిగించాలి. జాలీ పోగు ఒక్కటి కూడా నడిమి తీగను తాకకూడదు. పైన రబ్బరు తొడుగు వేసి, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు సడలిపోయి నీటిని లోపలే నిలుపుతుంది. కేబుల్ కనెక్టర్‌కు చేరే ముందు కిందికి వంగి పైకి వెళ్ళేలా ఒక వంపు వదిలితే నీరు అక్కడే జారిపోతుంది. గోడ దగ్గర మధ్య అతుకు ఉంటే దానికీ ఇదే వైద్యం.

బొమ్మ వస్తున్నా మసకగా ఉందనే ఫిర్యాదుకు సాధారణంగా టీవీ కారణం కాదు. ఎస్‌డీ, అంటే మామూలు స్పష్టత ఉన్న ఛానెల్‌లో ఉండేది 720×576 చుక్కలు. 4కే తెరలో 3840×2160 చుక్కలు ఉంటాయి. అంత తక్కువను అంత పెద్ద తెరకు సాగదీస్తే మసకబారక తప్పదు. హెచ్‌డీ బాక్సును పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ కేబుల్‌తో కలిపినా ఎస్‌డీయే వస్తుంది కనుక హెచ్‌డీఎంఐ కేబుల్ వాడాలి. ముఖాలు లావుగా కనిపిస్తే 4:3 బొమ్మను 16:9కి సాగదీసినట్టు. కింద స్క్రోలింగ్ అక్షరాలు తెగుతుంటే అది ఓవర్‌స్కాన్, ట్యూబు టీవీల కాలం నాటి అలవాటు. పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్ లేదా అలాంటి పేరున్న ఎంపిక పెట్టాలి. సినిమా సీరియల్‌లా కనిపిస్తే, సెకనుకు 24 ఫ్రేముల బొమ్మకు టీవీ మధ్య ఫ్రేములు కల్పిస్తోందని అర్థం. మోషన్ స్మూతింగ్ ఆపేయాలి.

మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే, గది చీకటి చేసి తెర మీద ఏటవాలుగా టార్చి వేయాలి. లీలగా బొమ్మ కనిపిస్తే ఎక్కువగా బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీ పట్టీలే పోయి ఉంటాయి. ఒకటి మార్చి ఊరుకోకుండా మొత్తం సెట్టు మార్పించుకోవాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు.

తెర మీద శాశ్వతంగా నిలువు గీతలు ఉంటే చాలావరకు ప్యానెల్ పోయినట్టే, దాని ధర వింటే కొత్త టీవీ కొనాలనిపిస్తుంది.