కళ్ళెం వేస్తే తల విసిరే గుర్రం: ముందు నోరు చూడండి

తిరుపతిలో పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే నాకొచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే. "అన్నా, గుర్రం మాట వినట్లేదు, ఇంకొంచెం గట్టి కళ్ళెం దొరుకుతుందా?" గట్టిది కాదు, దాని నోటికి సరిపోయేది కావాలి. చంద్రగిరి పక్కన రెండు గుర్రాలు పెట్టుకుని, ఒకదాన్ని చాలా ఇబ్బంది పెట్టాక నాకు తెలిసొచ్చిన సంగతులివి.

సమస్య: తల విసురుతోంది

కళ్ళెం తీసేసి ఉత్త తలతాడుతో నడిపించండి. అప్పుడూ విసిరితే ఈగలో, బ్యాండు మేళమో, టపాకాయలో కారణం. పగ్గం పట్టుకోగానే విసిరితే బాధ నోట్లో ఉన్నట్టే.

ముందు పళ్ళకీ నమిలే పళ్ళకీ మధ్య పళ్ళు లేని చిగురు ఉంటుంది. కళ్ళెం కూర్చునేది అక్కడే. పలచటి పొర, దాని కింద నేరుగా ఎముక. పక్కనుంచి వేలు పెట్టి మెల్లగా తడమండి. పుండు కనిపిస్తే అది మానేదాకా ఏ కళ్ళెమూ వద్దు.

పై దవడలో నమిలే పళ్ళకి కాస్త ముందు బఠాణీ గింజంత పన్ను తగులుతుందేమో చూడండి. డాక్టర్లు దాన్ని వుల్ఫ్ టూత్ అంటారు. అన్ని గుర్రాలకీ ఉండదు, ఉన్నా అన్నిటికీ నొప్పి చేయదు. నా గుర్రానికి చేసింది. నేనేమో రెండు కళ్ళేలు మార్చాను, డబ్బు దండగ. పన్ను తీయించాక పాత కళ్ళెంతోనే హాయిగా నడిచింది. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు మనది, డాక్టరుకి చూపించకుండా కళ్ళెం కొనకండి. నమిలే పళ్ళు పైవి చెంప వైపు, కిందివి నాలుక వైపు పదునెక్కుతాయి. ఏడాదికోసారి చూపించి ఆకురాయి పట్టించాలి.

సమస్య: నోటి మూలలు చిట్లుతున్నాయి

కొలత తప్పు. వేలంత లావు తాడును కళ్ళెం ఉండేచోట నోట్లో పెట్టి, రెండు పెదవుల అంచుల దగ్గరా గుర్తు పెట్టండి. ఆ కొలతకి పావు అంగుళం కలిపితే చాలు. మామూలుగా నాలుగున్నర నుంచి ఐదున్నర అంగుళాల మధ్య వస్తుంది. బిగుతైతే పెదవి నలుగుతుంది, వదులైతే అటూ ఇటూ జారి ఒరుస్తుంది. తిరిగే రింగుల సందులో పెదవి ఇరుక్కుంటుంటే కదలని రింగులున్నది తీసుకోండి.

సమస్య: నాలుకను కళ్ళెం మీదికి వేస్తోంది

చాలాసార్లు కళ్ళెం మరీ కిందికి వేలాడటమే కారణం. పక్క పట్టీ ఒక రంధ్రం బిగించండి. నోటి మూలలో ఒకటో రెండో ముడతలు పడితే సరిపోయినట్టే.

సమస్య: లాగగానే నోరు బార్లా తెరుస్తోంది

మధ్యలో ఒకే కీలున్న కళ్ళెం అడకత్తెరలా మడుచుకుని నాలుకను రెండు పక్కలా నొక్కుతుంది. రెండు కీళ్ళున్నదో, కీలు లేకుండా కొద్దిగా వంపు తిరిగినదో వేసి చూడండి. లావుగా ఉంటే మెత్తన అని దుకాణంలో చెబుతారు. సగమే నిజం. మార్వారీ జాతి గుర్రాల్లాంటి వాటి సన్నటి తలల్లో నాలుకే నోరంతా నిండి ఉంటుంది, లావు ఇనుముకి చోటెక్కడ?

ముళ్ళ కళ్ళెం గురించి అడగొద్దు. బండ్లకి కట్టే, స్వారీ చేసే జంతువులకి ముళ్ళున్న కళ్ళెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మే నెల ఎండలో బండి మీద వదిలేసిన మామూలు కళ్ళెం కూడా కాలుతుంది, వేసేముందు అరచేతిలో పట్టుకుని చూడండి.

అన్నీ సరిచేసినా ఊరేగింపులో మాత్రమే నోరు తెరుస్తోందా? పెళ్ళికొడుకు చేతులు చూడండి. ఎప్పుడూ గుర్రమెక్కని మనిషి పడిపోతానన్న టెన్షన్‌తో పగ్గాలు పట్టుకునే వేలాడతాడు. పగ్గాలు ముడివేసి మెడ మీద వదిలేయండి. అతని చేతికి జీను ముందు పట్టీ ఇవ్వండి. మీరు మాత్రం కళ్ళెం కింద కట్టిన తలతాడు పట్టుకుని నడిపించండి.