గోల్ఫ్ స్వింగ్: పన్నెండణాల బలం చాలు

గోల్ఫ్ నేర్చుకునేవాళ్ళు మొదటి రోజు అడిగేది "బంతి ఎంత దూరం పోతుంది?" అని. నాలుగు రోజులయ్యాక అడిగేది "ఇంగా గట్టిగా కొట్టల్లా అన్నా?" అని. ఈ రెండో ప్రశ్నకు ముందే సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ ఒంట్లో ఉన్న బలం పదహారణాలు అనుకుంటే, స్వింగ్‌లో, అంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) ఊపడంలో, పన్నెండణాలకు మించి పెట్టకండి. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద నుంచి డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌తో, కొట్టేటప్పుడు పదమూడు. దగ్గరి షాట్లకు వాడే వెడ్జ్‌తో అయితే పది. మొదటి ఏడాది ఈ లెక్క దాటొద్దు, ఏ వీడియోలో ఎవరు ఏం చెప్పినా సరే.

మా అనంతపురంవాళ్ళకు గట్టిగా కొట్టే జబ్బు ఇంకాస్త ఎక్కువ. దానికి కారణం ఉంది. కోర్సు (గోల్ఫ్ మైదానం) మీద ఆడాలంటే బెంగళూరు దారి పట్టాలి, హైవే 44 మీద రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అందుకని మిగతా రోజులన్నీ మిద్దె మీద నెట్ కట్టుకుని సాధన చేస్తారు. నెట్‌లోకి కొడితే బంతి ఎటు పోయేదో, ఎంత దూరం పోయేదో తెలియదు. వినిపించేది చప్పుడొక్కటే. చప్పుడు పెద్దగా వస్తే షాట్ బాగా పడిందనుకుంటారు. అదే ఊపు కోర్సుకు తీసుకుపోతే బంతి పోయి కుడివైపు చెట్లలో పడుతుంది. నెట్ తప్పేమీ లేదు, చప్పుడును నమ్ముకోవడమే తప్పు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించొద్దు

రూల్స్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. బలం లెక్క నేర్చుకోవడానికి మాత్రం ఒక్క 7 ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే క్లబ్) చాలు, సెకండ్ హ్యాండ్‌ది అయినా పర్వాలేదు. షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) మీద 'స్టిఫ్' అని ఉంటే వదిలేయండి, 'రెగ్యులర్' తీసుకోండి. మ్యాట్ లేకపోతే గుమ్మం ముందు వేసే కొబ్బరిపీచు పట్టా సరిపోతుంది. మన ఎర్రమట్టి గట్టినేల మీద నేరుగా కొడితే రాయి తగిలి క్లబ్ అంచు దెబ్బతింటుంది, మణికట్టు జివ్వుమంటుంది. ఒక వైట్‌బోర్డ్ మార్కర్ తప్పనిసరిగా కొనండి. చేతులు తుడుచుకోవడానికి ఒక తువ్వాలు. నెట్ వెనకాల, పక్కల మనుషులు లేకుండా చూసుకోండి. బంతి బరువు 46 గ్రాములే అయినా, దాని వేగానికి తల పగులుతుంది.

నిలబడటం అర నిమిషం పని. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్ళు కొద్దిగా సడలించి, నడుము దగ్గర వంగి, చేతులు కిందికి వేలాడేలా. బంతి రెండు పాదాలకు మధ్యలో. డ్రైవర్‌కైతే ఎడమ మడమకు ఎదురుగా. ఇక్కడ చెప్పేదంతా కుడిచేతివాళ్ళ కోసం, ఎడమచేతివాళ్ళు తిప్పి చదువుకోండి.

పట్టు అయిదణాలు దాటకూడదు. ఎవరినైనా పిలిచి క్లబ్ తల పట్టుకుని లాగమనండి. కాస్త గట్టిగా లాగితే జారిరావాలి. ముంజేతి మీద నరాలు ఉబ్బి కనిపిస్తుంటే బిగించినట్టే లెక్క. ఎండాకాలం మన దగ్గర చెమటకు గ్రిప్ జారుతుందని ఇంకా బిగిస్తారు. బిగించొద్దు, ప్రతి రెండు షాట్లకూ ఒకసారి తువ్వాలుతో తుడుచుకోండి. పట్టు బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, ఆ తర్వాత భుజం. బిగిసిన చేతితో క్లబ్‌కు వేగం రాదు.

గట్టిగా కొడితే దూరం ఎందుకు పెరగదు

క్లబ్ ఫేస్‌కు (బంతికి తగిలే ముఖభాగానికి), బంతికి మధ్య తాకిడి సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ కాస్త సమయంలో బంతిని తోయడమంటూ ఏమీ ఉండదు. క్లబ్ ఎంత వేగంతో వచ్చింది, ఫేస్ మీద ఎక్కడ తగిలింది, ఆ క్షణాన ఫేస్ ఎటు చూస్తోంది అనేవే లెక్కకు వస్తాయి. మీ కండబలానికి అక్కడ పని లేదు.

డ్రైవర్ మధ్యలో శుభ్రంగా తగిలితే బంతి వేగం క్లబ్ వేగానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. దీన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం. మీరు తీరిగ్గా ఊపితే క్లబ్ గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకోండి. మధ్యలో తగిలి స్మాష్ ఫ్యాక్టర్ 1.48 వస్తే బంతి దాదాపు 215 కిలోమీటర్ల వేగంతో లేస్తుంది. ఇప్పుడు పళ్ళు బిగించి క్లబ్ వేగం 153కు పెంచారు. ఆ ఊపులో ఒళ్ళు కదిలి ఫేస్ చివర తగిలింది, స్మాష్ ఫ్యాక్టర్ 1.36కు పడిపోయింది. బంతి వేగం 208. ఎక్కువ కష్టపడి తక్కువ తెచ్చుకున్నారు. పైగా డ్రైవర్ ముక్కు వైపు, అంటే షాఫ్ట్‌కు దూరంగా ఉన్న చివర తగిలితే బంతికి ఎడమకు తిరిగే స్పిన్ వస్తుంది, షాఫ్ట్ వైపు తగిలితే కుడికి. దూరంతో పాటు దారి కూడా పోయింది.

అసలు కష్టం ఇక్కడే

క్లబ్ పైకి ఎత్తడం అందరికీ వస్తుంది. పైకి చేరిన క్లబ్ కిందికి తిరిగే ఆ క్షణం ఉందే, నూటికి తొంభై మంది షాట్ పాడుచేసుకునేది అక్కడ. ఈ భాగం నిదానంగా చదవండి, అవసరమైతే రెండుసార్లు చదవండి.

క్లబ్ పైన ఉండగానే కుడిభుజంతో, కుడిచేత్తో బంతి మీదికి దూకుతారు. బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది. క్లబ్ బయటి నుంచి లోపలికి కోసినట్టు వస్తుంది, ఫేస్ తెరుచుకుని (కుడివైపు చూస్తూ) ఉంటుంది, బంతి కుడికి వంకర తిరుగుతుంది. బంతి దగ్గరికి వచ్చేసరికి క్లబ్ వేగం అప్పటికే తగ్గుతూ ఉంటుంది. బలం ఎక్కువ పెట్టడం ఒక తప్పు, పెట్టకూడని చోట పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

మనవాళ్ళలో దీనికి సగం కారణం క్రికెట్. ఆర్డీటీ స్టేడియంలో 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిన ఊరు ఇది. గల్లీకో బ్యాటు ఉంటుంది. టెన్నిస్ బంతిని మిడ్‌వికెట్ మీదుగా లేపడానికి కిందిచేయి బిగించి లాగడం చిన్నప్పటి నుంచి అలవాటు. అక్కడ బంతి మీ మీదికి వస్తుంది, ఆలోచించే టైమ్ ఉండదు. ఇక్కడ బంతి కదలకుండా కూర్చుని ఉంటుంది. ఎవరూ తొందరపెట్టడం లేదు. క్రికెట్ బాగా ఆడేవాళ్ళు గోల్ఫ్‌కు వస్తే మొదటి నెల కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గ్రిప్ మీద ఆనీ ఆననట్టు పెట్టి కొట్టాలి. ఇది నా దగ్గర నేర్చుకునే ఎవరికైనా నియమం, మినహాయింపు లేదు.

సరైన వరుస ఇది. క్లబ్ పైకి చేరుతుండగానే ఒంటి బరువు ఎడమకాలి మీదికి మొదలవ్వాలి. తర్వాత నడుము తిరగాలి, ఆ వెనకే ఛాతీ, ఆ తర్వాతే చేతులు. క్లబ్ అన్నిటికన్నా చివర రావాలి. చర్నాకోల ఝళిపించేటప్పుడు చెయ్యి ముందు ఆగుతుంది, కొస తర్వాత పేలుతుంది. ఇక్కడా అంతే. క్లబ్ తల గాలిని కోసే 'ఝుయ్' అనే చప్పుడు బంతి దాటాక, ఎడమ తొడ దగ్గర వినిపించాలి. క్లబ్‌ను తలకిందులుగా పట్టుకుని, అంటే తల వైపు చేత్తో పట్టుకుని, బంతి లేకుండా ఊపి చూడండి. చప్పుడు కుడిభుజం పక్కన వస్తే మీరు పైనే బలం పెట్టేశారు. ఎడమవైపు వచ్చేదాకా బంతి ముట్టుకోవద్దు. ఒక రోజు పట్టినా, వారం పట్టినా సరే, ముట్టుకోవద్దు.

దీనికి తాళం కావాలి. మంచి ఆటగాళ్ళ స్వింగ్‌లో క్లబ్ పైకి పోవడానికి పట్టే సమయం కిందికి రావడానికి పట్టేదానికి మూడింతలు ఉంటుంది. టూర్ ఆటగాళ్ళకు (ప్రొఫెషనల్స్‌కు) పైకి సుమారు ముప్పావు సెకను, కిందికి పావు సెకను. దీన్ని యాప్ పెట్టుకుని 'టిక్ టిక్' అని నేర్చుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఫోను చప్పుడు కోసం ఎదురుచూస్తూ ఒళ్ళు బిగుస్తుంది. లోలోపల "త కి ట ధిం తా" అనుకోండి. 'త' దగ్గర క్లబ్ కదలాలి. 'కి', 'ట' దాటి 'ధిం' దగ్గర పైకి చేరాలి. చివరి 'తా' బంతి మీద పడాలి. అక్షరాల మధ్య ఎడం అంతా సమానం. తొందరపడేవాళ్ళకు 'ధిం' మింగుడుపడిపోతుంది, 'ట' నుంచి నేరుగా 'తా' మీదికి దూకుతారు. 'ధిం' పూర్తిగా పలికితేనే నడుము తిరగడానికి సందు దొరుకుతుంది. తాళం నెమ్మదిగా వేసుకున్నా నష్టం లేదు, వరుస తప్పకూడదు.

ఇంకొక జాగ్రత్త. పన్నెండణాలు అంటే బంతి దగ్గర క్లబ్‌ను ఆపడం కాదు. కొందరు "నెమ్మదిగా కొట్టమన్నారు కదా" అని బంతి దగ్గర చేతులు సడలించేస్తారు. అది గట్టిగా కొట్టడం కన్నా హీనం. బలం తగ్గించాల్సింది మొదట్లో, బంతి దాటేదాకా వేగం పెరుగుతూనే ఉండాలి.

మీ పన్నెండణాలు ఎక్కడుందో కనుక్కోవడం

బంతి వెనకవైపు వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్‌కు ఎదురుగా ఉండేలా ఉంచండి. కొట్టగానే ఫేస్ మీద ఆ రంగు అంటుకుంటుంది. ఎక్కడ అంటిందో చూసి, తుడిచి, మళ్ళీ కొట్టండి. ఎనిమిదణాలతో మొదలుపెట్టి పది బంతులు. మచ్చలు ఫేస్ మధ్యలో రూపాయి నాణెం పట్టేంత చోటులో ఏడైనా పడితే పదణాలకు పెంచండి. అలాగే పన్నెండుకు. ఎక్కడ మచ్చలు చెదరడం మొదలవుతాయో దానికి ఒక మెట్టు కింద ఆగండి, ఆ రోజుకు మీ బలం అదే. నిద్ర సరిగా లేని రోజు అది ఇంకా తగ్గుతుంది. తగ్గనివ్వండి.

షాట్ అయ్యాక ఎడమకాలి మీద, పొట్ట లక్ష్యం వైపు తిరిగి, మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడండి. నిలబడలేక అడుగు పడితే బలం ఎక్కువైనట్టే. ఈ పరీక్షకు ఏ మెషినూ అక్కర్లేదు.

దీనికి ఎదురువాదం ఉంది, అది కూడా చెప్పాలి. 18 మేజర్ టైటిళ్ళు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్‌కు గురువు జాక్ గ్రౌట్ చిన్నప్పుడు ముందు గట్టిగా కొట్టడమే నేర్పాడు, గురి తర్వాత చూసుకోవచ్చన్నాడు. 2020 యూఎస్ ఓపెన్‌ను బ్రైసన్ డిషాంబో ఒళ్ళు పెంచి, విపరీతమైన వేగంతో కొట్టి గెలిచాడు. రెండూ నిజమే. నిక్లాస్ పదేళ్ళ వయసులో మొదలుపెట్టిన పిల్లాడు. డిషాంబోకు ఫేస్ మధ్యలో తగలడం ముందే వచ్చు, వేగం దాని మీద కట్టుకున్నాడు. ఆఫీసు కుర్చీలో నడుము పట్టేసిన నలభై ఏళ్ళ మనిషికి ఆ దారి పనికిరాదు. మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు అమ్మాయి అదితి అశోక్. టోక్యో ఒలింపిక్స్‌లో తనతో ఆడినవాళ్ళ డ్రైవ్‌లు ఆమె బంతిని దాటి చాలా ముందుకు పోయేవి. అయినా నాలుగో స్థానంలో నిలిచింది, పతకం ఒక్క స్ట్రోక్ (ఒక్క దెబ్బ) తేడాతో తప్పింది. దూరం లేకుండా అంత దూరం పోగలిగిందంటే గురి, గుంత దగ్గర బంతిని దొర్లించే పటింగ్ బాగుండబట్టే.

గాలి ఉన్న రోజు

ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఎదురుగాలికి ఇంకాస్త గట్టిగా కొట్టాలనిపిస్తుంది. అది పూర్తిగా తలకిందుల పని. గట్టిగా కొట్టేకొద్దీ బంతికి వెనక్కి తిరిగే స్పిన్ పెరుగుతుంది, బంతి గాలిలో పైకి లేచి అక్కడే నిలబడి కిందికి రాలుతుంది. 7 ఐరన్ దూరమే అయినా 5 ఐరన్ (అంకె తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరం పోతుంది) తీసుకుని, పట్టు రెండు వేళ్ళు కిందికి జరిపి, పదణాలతో కొట్టండి. బంతి కిందుగా దూసుకుపోతుంది.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం కన్నా గాలి పలచన. అక్కడ బంతి కాస్త ఎక్కువ దూరం పోతే అది మీ బలం అనుకుని ఇంకో రెండణాలు కలపొద్దు. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర వెనకాల నలుగురు నిలబడి చూస్తుంటే ఎవరికైనా టెన్షన్ ఉంటుంది, అప్పుడు బలం తెలియకుండానే పెరుగుతుంది. అందుకే అక్కడ డ్రైవర్ బయటికి తీయొద్దు. 7 ఐరన్ తీసి, బంతిని చిన్న టీ మీద పెట్టి, "త కి ట ధిం తా" అనుకుని ఎనిమిదణాలతో కొట్టండి. డ్రైవర్ సంగతి మూడో హోల్ (గుంత) దగ్గర చూసుకోవచ్చు.