ఇంటిబడి, నాలుగో పాఠం: పలక పట్టే ముందు వేళ్లకు పని

మీ ఆఫీసు వేళలను, ఇంట్లోనే చదువు నేర్చుకుంటున్న మీ నాలుగేళ్ల పిల్ల హుషారుగా ఉండే వేళలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోమని గత పాఠంలో చెప్పాను. ఈ వారం ఆ కాగితంతో పని ఉంది, దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంతో రాత మొదలవుతుంది. అయినా పలకను, పెన్సిల్‌ను ఇంకా అటక మీదనే ఉండనివ్వండి.

ఎదురింటి పిల్లవాడు ఎల్‌కేజీలో ఏబీసీడీలు పేజీల కొద్దీ రాస్తున్నాడు, మనమ్మాయికి గీత కూడా నిలబడడం లేదు అన్న బెంగ బెంగళూరులో ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా వినిపిస్తుంది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. నాలుగేళ్ల పిల్లల్లో వాటిలో కొన్ని ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకునే పిల్లలు మూడు వేళ్లతో పట్టుకోవడానికి రావడం చాలామందిలో నాలుగు, ఆరేళ్ల మధ్య మెల్లగా జరుగుతుంది. ఇక చట్టం సంగతంటారా, 2009 విద్యాహక్కు చట్టం మాట్లాడేది 6 నుంచి 14 ఏళ్ల వారి గురించి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే దశగా తీసుకుని ఆటపాటల చదువుకే పెద్దపీట వేసింది. నాలుగేళ్ల పిల్ల ఇంట్లో ఉందేమని ప్రభుత్వం అడగదు. అడిగేది అత్తగారు, లిఫ్టులో కలిసేవాళ్లు. వాళ్లకు జవాబు చెప్పే ఓపిక మీకు లేకపోతే నవ్వేసి ఊరుకోండి, నేనూ అంతే.

ఇప్పుడు వంటింట్లోకి రండి. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు సంతల నిండా అవరెకాయ. గింజల కోసం ఒలుచుకునే ఈ చిక్కుడు జాతి కాయను చిత్తూరు, అనంతపురం వైపు వాళ్లం అనపకాయ అంటాం. ఒలిచి, నానబెట్టి, పైపొట్టు పితికి తీసిన పప్పును ఇక్కడి వాళ్లు హితికిద బేళె అంటారు, మనకది పితికిపప్పు. సంతలో పితికినదే దొరుకుతుంది కానీ ఈ ఒక్క శీతాకాలం కాయలే కొనండి. గింజలను రాత్రి నీళ్లలో వేసి, తెల్లారాక చిన్న గిన్నెలో పిల్ల ముందు పెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టుకోవాలి, ఒక కొనను మెల్లగా నొక్కాలి. అదనుగా నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఎక్కువ నొక్కితే నలిగిపోతుంది, తక్కువైతే పొట్టు కదలదు. ఎంత బలం పెట్టాలో గింజే చెబుతుంది, మీరు చెప్పనక్కర్లేదు. నడిమివేలు కింద ఆనించుకోవడం పిల్ల తనంతట తానే నేర్చుకుంటుంది. రేపు పెన్సిల్ పట్టేది ఆ మూడు వేళ్లతోనే. మొదట్లో చాలా గింజలు గోడకు తగులుతాయి, కొన్ని ఫ్రిజ్ కిందికి పోతాయి. తిట్టకండి. సాయంత్రం కూరలో తను పితికిన పప్పు ఉందని అందరి ముందూ చెప్పండి చాలు.

అయితే ఒక హెచ్చరిక. గింజలు, బఠానీలు, వేరుశనగ గుళ్లు ఈ వయసు పిల్లల గొంతుకు అడ్డం పడగలవు. పైగా అనప గింజలు పచ్చివి తినేవి కావు. అందుకని ఈ పని మీరు పక్కన కూర్చున్నప్పుడే. ఇక్కడే మీ కాగితం అక్కరకొస్తుంది. వేళ్ల పనులను తేలిక, కష్టం అని విడదీయకండి. మీ కళ్లు పిల్ల మీదనే ఉండాల్సినవి ఒక పక్క, మీరు అదే గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంటే సరిపోయేవి ఇంకో పక్క రాయండి. గింజలు, కత్తెర, సూదితో పూసలు గుచ్చడం మొదటి పక్కకు వెళతాయి. చపాతీ పిండి పిసకడం, ఆరేసిన తువ్వాలుకు క్లిప్పులు పెట్టి తీయడం, తడి స్పంజీని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పిండడం, పాత పత్రికలను చేత్తో సన్నగా చించడం రెండో పక్కకు. మీటింగు ఉన్నప్పుడు రెండో పక్క, పొద్దున కాఫీ అయ్యాక మొదటి పక్క. అమెరికా వాళ్లతో రాత్రి మాట్లాడే ఉద్యోగమైతే మీ పొద్దున కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, అంతే తేడా. భార్యాభర్తలిద్దరిదీ ఒకే వేళకు మీటింగయితే ఆ పూట పాఠం లేదు. పాఠం మానేయడం కన్నా, సగం చూపుతో గింజలిచ్చి కూర్చోబెట్టడం చెడ్డది.

బెంగళూరు దగ్గరి చన్నపట్నలో చేసే చెక్క బొమ్మల దుకాణంలో తాడు మీద గుచ్చుకునే పెద్ద చెక్క పూసలు దొరికితే తెచ్చుకోండి. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రే వీటికీ వాడతారు. నోట్లో పట్టనంత పెద్దవే ఎంచుకోండి.

వేళ్లు గట్టిపడుతూ ఉండగానే కంటికి కూడా పని ఇవ్వాలి. మన అక్షరాల్లో నిలువు గీతలకన్నా వంపులే ఎక్కువ. అందుకే ఇంగ్లీషు బడుల్లో లాగా నిలువు గీతలు, పడక గీతలతో నేను మొదలుపెట్టను. వెడల్పాటి పళ్లెంలో బొంబాయి రవ్వ పలచగా పరచి చూపుడువేలితో సున్నా గీయించండి. మీరు ముందు గీసి చూపిస్తారు కదా, ప్రతిసారీ ఒకే చోట మొదలుపెట్టి ఒకే వైపు తిప్పండి. సున్నా మూసుకోవడం వచ్చాక పైన తలకట్టు పెట్టించండి, అదే ర. వారమంతా ఈ ఒక్క అక్షరమే. అఆఇఈలు వరసన రావాలని పట్టుబట్టే అమ్మమ్మకు వర్ణమాల పాటగా పాడించే పని అప్పగించండి. ఆమెకు సంతోషం, పిల్లకు చెవిపాఠం.

ఎడమ చేతితో గీస్తే అలాగే గీయనివ్వండి.

బయటికి వెళ్లినప్పుడు ర ను వెతికించండి. ఈ ఊళ్లో తెలుగు బోర్డులు తక్కువే కానీ తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. మెట్రో ఆకుపచ్చ లైన్లో రాజాజీనగర స్టేషన్ కన్నడ బోర్డు చూపిస్తే చివరనున్న ర ను పిల్ల గుర్తుపడుతుంది, తలకట్టు తీరు కాస్త వేరయినా. అది కన్నడమని కూడా అప్పుడే చెప్పేయండి. ఎలాగూ ఆడుకునే చోట కన్నడమే మాట్లాడుతుంది.

ఈ వారం అభ్యాసం: రోజుకొక వేళ్ల పని, పావుగంట మించకుండా. ఆసక్తి పోతే మధ్యలోనే ఆపేయండి. రవ్వ పళ్లెం రోజు విడిచి రోజు చాలు. శనివారం పిల్ల గీసిన ర ను ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచండి, అయిదో పాఠంలో ఠ, ద, డ లకు వెళ్లేటప్పుడు దానితో పని పడుతుంది. రవ్వ పళ్లెం మాత్రం చీమలు పట్టకుండా ఎప్పటికప్పుడు డబ్బాలో పోసి మూత పెట్టండి.