ఆండ్రాయిడ్ కార్ స్టీరియో రీస్టార్ట్ అవుతోందా? ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు ఎర్త్ వైరు చూడండి

సెట్టు దానంతటదే ఆరిపోయి మళ్ళీ లోగోతో మొదలవుతుంది. ఒక్కోసారి పాట మధ్యలో, ఒక్కోసారి రివర్స్ గేరు వేయగానే. నెల్లూరులో మా షాపుకు వచ్చే ఆండ్రాయిడ్ స్టీరియోల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే. తెచ్చినవాళ్ళ చేతిలో పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంటుంది. “అన్నా, దీని ఫర్మ్‌వేర్ దొరికింది, ఎక్కించేయ్” అంటారు. పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి నేను ముందు మీటరు తీస్తాను. ఫర్మ్‌వేర్ (సెట్టును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వల్ల వచ్చే సమస్యలు లేవని కాదు. ఉన్నాయి, వాటి సంగతి కింద రాశాను. కానీ కరెంటు సరిగా అందని సెట్టులో అప్‌డేట్ మొదలుపెడితే సగంలో ఆగిపోయి బోర్డే పోతుంది. అలా పోయిన సెట్లను చాలా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ప్యానెల్ విప్పడం, కప్లర్ తీయడం, మీటరు పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

కీ తీయగానే టైము, స్టేషన్లు, సౌండ్ సెట్టింగులు అన్నీ పోతున్నాయి

దీనికి ఫర్మ్‌వేర్‌తో సంబంధం లేదు. ఎల్లో వైరుకు కీ ఉన్నా లేకున్నా 12 వోల్టులు రావాలి. రెడ్ వైరుకు కీ తిప్పినప్పుడే రావాలి. మీ బండిలో ఆ రెండూ తారుమారై ఉంటాయి, లేదా రెండింటినీ కలిపి ఏసీసీ లైనుకే (కీ తిప్పితేనే కరెంటు వచ్చే లైను) ఇచ్చేసి ఉంటారు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ పాత కార్ల ఐఎస్ఓ కప్లర్‌లో (సెట్టు వెనక గుచ్చే స్టాండర్డ్ కనెక్టర్) ఈ రెండు పిన్నుల చోట్లు మామూలు సెట్లకు భిన్నంగా ఉంటాయి. కప్లర్ సరిపోయింది కదా అని గుచ్చేస్తే ఇదే జరుగుతుంది. కీ తీసి ఎల్లో మీద మీటరు పెట్టండి. సున్నా చూపిస్తే కారణం దొరికినట్టే. రెండింటినీ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చినవాళ్ళకు ఇంకో కష్టం వస్తుంది. రాత్రంతా సెట్టు మేలుకునే ఉంటుంది, తెల్లారి సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటుంది.

పాటల మధ్యలో రీస్టార్ట్, ఎఫ్ఎంలో గుయ్ మనే శబ్దం, కెమెరాలో గీతలు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. అందుకే దీని గురించి వివరంగా రాస్తాను.

కొన్నేళ్ళ కిందట చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బొలెరో ఒకటి వచ్చింది. సౌండ్ పెంచితే సెట్టు రీస్టార్ట్ అవుతోంది. కప్లర్ దగ్గర మీటరు పెడితే 12.5 వోల్టులు చూపించింది. కరెంటు బాగానే ఉంది కదా అనుకుని ఫర్మ్‌వేర్ ఎక్కించాను. చక్కగా పాడింది. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. “ఏందన్నా, రెండు రోజులు బాగానే ఉన్నింది, మళ్ళీ మొదలైంది” అన్నాడు. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ వచ్చాడు. మూడోసారి అప్‌డేట్ సగం దాటాక స్క్రీన్ నల్లబడింది. ఆ బోర్డు ఇక లేవలేదు. తప్పు నాది కాబట్టి కొత్త బోర్డు నా డబ్బుతోనే తెప్పించాను.

కొత్త బోర్డు పెట్టి, సెట్టు ఆన్‌లో ఉండగా వెనక వైర్లు సర్దుతూ యాంటెన్నా జాక్ లాగాను. సెట్టు ఆరిపోయింది. జాక్ పెట్టాను, వెలిగింది. సెట్టుకు ఎర్త్ ఇవ్వాల్సిన బ్లాక్ వైరు ఆ పని ఎప్పుడో మానేసింది. సెట్టుకు కావాల్సిన ఎర్త్ అంతా యాంటెన్నా కేబుల్ పైన ఉండే జాలీ తీగ గుండా వస్తోంది. ఎఫ్ఎంలో గుయ్ శబ్దం, కెమెరాలో గీతలు వచ్చేదీ ఎర్త్ ఇలా పక్కదారిలో రావడం వల్లే. టేప్ విప్పి చూస్తే మెలితిప్పిన జాయింటు, జిగురు కరిగి జారిన టేపు, లోపల నల్లబడిన రాగి. ఒకటి రెండు పోగులు మాత్రమే తగులుతున్నాయి.

మీటరు ఎందుకు మోసం చేసింది? కప్లర్ ఊడదీసి చూసినప్పుడు వైరులో కరెంటు ఏమీ పారదు. ఒక్క పోగు తగిలినా మీటరుకు పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. సెట్టు గట్టిగా పాడేటప్పుడు 5 ఆంపియర్లు లాగిందనుకోండి. జాయింటులో 0.4 ఓం అడ్డం ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ కూడా వేసి ఉంటే సెట్టుకు అందేది ఇంకా తగ్గుతుంది. ఒక హద్దు దాటి తగ్గగానే సెట్టు రీస్టార్ట్ అవుతుంది. లోగో వచ్చేటప్పటికి సౌండ్ ఉండదు, లోడు తగ్గుతుంది, మళ్ళీ మామూలుగా లేస్తుంది. చూసేవాళ్ళకు అది సాఫ్ట్‌వేర్ తప్పులాగే కనిపిస్తుంది.

మరి అప్‌డేట్ చేశాక రెండు రోజులు ఎందుకు బాగుంది? బోర్డు నంబరు చూడ్డానికి సెట్టు బయటికి లాగాం, కప్లర్ ఊడదీసి మళ్ళీ గుచ్చాం. పిన్నులు రాసుకుని కొంచెం శుభ్రమయ్యాయి, జాయింటు కదిలి ఇంకో రెండు పోగులు తగిలాయి. పైగా షాపులో చిన్న సౌండులోనే పెట్టి చూశాం. ఆ రెండు రోజుల సుఖం ఫర్మ్‌వేర్ ఇచ్చింది కాదు. “అప్‌డేట్ చేస్తే తగ్గింది, మళ్ళీ వచ్చింది” అని ఎవరన్నా చెప్పగానే ఇప్పుడు నా చెయ్యి నేరుగా ఎర్త్ వైరు మీదికే పోతుంది.

చూసే పద్ధతి ఇది. ఇంజిన్ ఆన్ చేయండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయండి, సౌండ్ ముప్పాతిక దాకా పెంచండి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒక ప్రోబ్‌ను కప్లర్ వెనక నుంచి బ్లాక్ వైరు పిన్నుకు, రెండోదాన్ని పొడవాటి వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కు ఆనించండి. కప్లర్ సెట్టుకు గుచ్చే ఉండాలి. 0.2 వోల్టు లోపు ఉంటే మంచిది. అర వోల్టు ఉంటే ఎర్త్ బాగా లేదు. ఒక వోల్టు చూపిస్తే మీ జబ్బు అదే, ఇంకేం వెతకొద్దు. అలాగే ఎల్లో వైరుకూ బ్యాటరీ ప్లస్‌కూ మధ్య చూడండి. అక్కడ ఫ్యూజులు, పొడవు వైరు ఉంటాయి కాబట్టి కాస్త ఎక్కువ చూపించినా పర్లేదు కానీ అర వోల్టు దాటకూడదు. తర్వాత సౌండ్ తగ్గించి యాంటెన్నా జాక్, కెమెరా ఆర్‌సీఏ పిన్ను రెండూ తీసేయండి. సెట్టు ఆరినా రీస్టార్ట్ అయినా ఇక అనుమానం అక్కర్లేదు.

బాగు చేయడం కష్టం కాదు. పాత జాయింటు కోసేసి, రాగి తళతళలాడే దాకా వైరు వెనక్కి చెక్కండి. లోపల కూడా నల్లగా ఉంటే ఇంకా వెనక్కి పోండి. సోల్డర్ చేసి పైన స్లీవ్ వేయండి, టేపు వద్దు. మన ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, డ్యాష్‌బోర్డు వెనక టేపు జిగురు నిలవదు. నేనైతే పాత ఎర్త్‌ను నమ్మకుండా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు కొత్తగా లాగి, రింగు లగ్ వేసి, బాడీ ఇనుము మీద పెయింటు గీకి బోల్టు బిగిస్తాను. పైన కొంచెం గ్రీజు పూస్తాను. సెట్టు బిగించే బ్రాకెట్ స్క్రూకి మాత్రం ఎర్త్ ఇవ్వొద్దు. అది చాలా కార్లలో ప్లాస్టిక్‌లోకే పోతుంది. ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లకు ఉప్పు గాలి వల్ల ఇది తొందరగా వస్తుంది. వాటికి ఏడాదికోసారి ఆ బోల్టు విప్పి చూడటం మంచిది.

సెల్ఫ్ కొట్టిన ఆ క్షణంలో సెట్టు ఆగితే మాత్రం టెన్షన్ పడొద్దు. అప్పుడు బ్యాటరీ 10 వోల్టుల దాకా పడిపోతుంది, చాలా కార్లలో ఏసీసీ కూడా కట్ అవుతుంది.

కరెంటు సరిగ్గానే ఉంది, అయినా సమస్య ఉంది

ఇప్పుడు ఫర్మ్‌వేర్ మాట. దాని తప్పు ఎప్పుడూ ఒకే పని దగ్గర వస్తుంది. కొత్త ఫోన్ కొన్నాక ఆండ్రాయిడ్ ఆటో కలవదు. సెట్టు నిద్ర లేచాక స్టీరింగ్ బటన్లు పనిచేయవు, రీస్టార్ట్ చేస్తే చేస్తాయి. రివర్స్ తీసేసినా కెమెరా తెర పోదు. ఇలాంటివి.

ఇందులో రెండు వేర్వేరు సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. ఒకటి ఆండ్రాయిడ్ సిస్టమ్. రెండోది ఎంసీయూ అనే చిన్న చిప్పుది. కీ ఆన్, ఆఫ్, రేడియో, బటన్లు, రివర్స్ సిగ్నల్ దాని చేతిలో ఉంటాయి. ఫోను కలవకపోతే ఆండ్రాయిడ్‌ను, నిద్ర లేవడంలో తేడా వస్తే ఎంసీయూను అనుమానించండి. రెండూ ఒకేసారి మార్చొద్దు. ఏది మారితే తగ్గిందో, ఏది మారితే చెడిందో తెలియకుండా పోతుంది.

ఫైలు ఎంచుకునేటప్పుడు డబ్బా మీద పేరు పనికిరాదు. ఒకే పేరు, ఒకే స్క్రీన్ ఉన్న సెట్లలో లోపల వేర్వేరు బోర్డులు ఉంటాయి. సెట్టింగుల్లో అబౌట్‌లోకి పోయి ఎంసీయూ వెర్షన్, బిల్డ్ నంబరు ఫోటో తీయండి. స్క్రీన్ 1024×600దా 1280×720దా చూసుకోండి. ఆ వివరాలన్నీ అమ్మినవాళ్ళకు పంపి ఫైలు అడగండి. అక్కడ కనిపించే ఆండ్రాయిడ్ నంబరును నమ్మొద్దు. 8227ఎల్ అనే చిప్పు ఉన్న బోర్డుల మీద 13 అని రాసి, లోపల 8.1 పెట్టినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. ఏపీఐ లెవెల్ (ఒక్కో ఆండ్రాయిడ్ వెర్షన్‌కు ఉండే లోపలి నంబరు) చూపించే యాప్ ఏదైనా వేసి చూడండి. 27 అంటే 8.1, 29 అంటే 10, 33 అంటే 13.

తర్వాత ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ప్రతి పేజీకీ ఫోటో తీసుకోండి. దయచేసి ఇది వదిలేయొద్దు. క్యాన్‌బస్ బాక్సు (కారు సిగ్నళ్ళను సెట్టుకు అందించేది) ఏది, ఏ కారు మోడల్ ఎంచుకున్నారు, యాంప్లిఫయర్ ఏది, రేడియో ఏరియా ఏది అన్నీ అక్కడే ఉంటాయి. అప్‌డేట్ తర్వాత అవి చెరిగిపోతే, గుర్తున్న కొద్దీ పెడదాంలే అనుకోవడం అయ్యే పని కాదు. ఆ పాస్‌వర్డ్ కూడా అమ్మినవాళ్ళనే ముందు అడిగి పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్ 32 జీబీ లోపుది, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసింది, అందులో అప్‌డేట్ ఫైళ్ళు తప్ప ఇంకేమీ లేనిది కావాలి. ఫోల్డర్‌లో పెట్టొద్దు. జిప్ విప్పమని చెప్తేనే విప్పండి. డాష్‌క్యామ్, హబ్ తీసేయండి. నేను సెట్టు బయటికి తీసి టేబుల్ మీద 12 వోల్టుల 10 ఆంపియర్ల పవర్ సప్లైతో చేస్తాను. కారులోనే చేయాలంటే ఇంజిన్ ముందే స్టార్ట్ చేసి, బయటి గాలిలో, లైట్లు, ఏసీ ఆపి మొదలుపెట్టండి. అయ్యేదాకా కీ ముట్టుకోవద్దు. పెన్‌డ్రైవ్ తీయమని స్క్రీన్ మీద వస్తేనే తీయండి.

అప్‌డేట్ తర్వాత బొమ్మ తలకిందులైనా, ఒకచోట నొక్కితే ఇంకోచోట పనిచేసినా, పడింది వేరే స్క్రీన్ ఫైలు. సరైన ఫైలు మళ్ళీ ఎక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. స్టీరింగ్ బటన్లు, డోర్ సిగ్నల్ పోతే ఇందాకటి ఫోటోలు తెరిచి క్యాన్‌బస్ మళ్ళీ పెట్టండి. సౌండ్ అసలు రాకపోతే యాంప్లిఫయర్ ఆప్షన్ చూడండి. స్టేషన్లు దొరక్కపోతే రేడియో ఏరియా మారిపోయింది.

మిగతావి

మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో మాత్రమే నెమ్మదించి, ఏసీ వేశాక బాగైతే అది వేడి. వెనక అడ్డంగా కుక్కిన వైర్లు సర్ది గాలి ఆడనివ్వండి. జీపీఎస్ దొరక్కపోతే యాంటెన్నాను డ్యాష్‌బోర్డు మీదికి తెచ్చి చూడండి. మెమరీ నిండిపోయి నెమ్మదించడం గురించి చెప్పాల్సిన పని లేదు, అనవసరమైన యాప్‌లు తీసేయండి. మెమరీ చిప్పే పోవడం అరుదు. సరైన ఫైలు, మంచి కరెంటు ఉండీ ప్రతిసారీ ఒకే చోట అప్‌డేట్ ఆగిపోతుంటే అప్పుడు దాన్ని అనుమానించవచ్చు.

లోగో దగ్గరే ఆగిపోతే ముందు ఆర్ఎస్‌టీ (రీసెట్) అని ఉన్న సన్న రంధ్రంలో పిన్నుతో నొక్కి వదలండి. అలా లేవకపోతే అమ్మినవాళ్ళ దగ్గర మీ బోర్డుకు రికవరీ పద్ధతి అడగండి, అది ఒక్కో బోర్డుకు ఒక్కోలా ఉంటుంది. ఈలోపు చేతికి దొరికిన ఇంకో ఫైలు మాత్రం గుచ్చొద్దు.