తొక్కుడు కుట్టుమిషను మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: స్టాండు, రాడ్డు, బెల్టు

పోయిన పాఠంలో మిషను తల, అంటే టేబుల్ మీదుండే సూది భాగం, మొత్తం కిరసనాయిలుతో కడిగి, ఎండిపోయిన పాత నూనె జిగురంతా వదిలించి, ప్రతి చిల్లులో ఒక్కో చుక్క మిషనాయిలు వేసి రాత్రంతా వదిలేయమన్నాను కదా, అది చేసినవాళ్ళకి ఈపాటికి పై చక్రం రెండు వేళ్ళతో తిప్పినా తిరుగుతూ ఉండాలి. తిరగట్లేదంటే ఇక్కడే ఆగిపోయి మళ్ళీ 3వ పాఠం చేయండి, తొందరేం లేదు, మా ఇంట్లోది వదలడానికి తొమ్మిది రోజులు పట్టింది.

చేత్తో తిప్పితే బాగానే తిరుగుతోంది గానీ కూర్చుని తొక్కితే మాత్రం రోలు తొక్కినట్టుంది అనేవాళ్ళ కోసమే ఈ పాఠం. మిషను బరువుగా ఉందంటే అందరూ తల వైపే చూస్తారు, సూది మారుస్తారు, ఆయిలు పోస్తారు, చివరికి మోటారు పెట్టించేస్తారు. కింద ఇనప స్టాండుని తుడిచే దిక్కు కూడా ఉండదు. నా లెక్కలో తొక్కుడు మిషనంటే సగం స్టాండే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మిషను మా అత్తయ్యది, నెల్లూరు నుంచి పెళ్ళప్పుడు వెంట తెచ్చుకున్నది, చెన్నైలో ఎన్ని అద్దె ఇళ్ళు మారినా దాన్ని మాత్రం వదల్లేదు. 2015 డిసెంబర్ 1 రాత్రి అడయార్ నది పొంగినప్పుడు సైదాపేటలో మా ఇంట్లోకి మోకాలి పైదాకా నీళ్ళొచ్చాయి. తలకి నీళ్ళు తగల్లేదు, అది టేబుల్ మీద ఉంది కదా. కింద పెడల్, పెద్ద చక్రం, రాడ్డు మాత్రం రెండు రోజులు ఆ బురద నీళ్ళలోనే ఉన్నాయి. నీళ్ళు తగ్గాక అత్తయ్య తలంతా తుడిచి ఆయిలు వేసి పాత చీర కప్పింది, స్టాండు మీద రెండు చెంబుల మంచినీళ్ళు పోసి బురద కడిగాం, అంతే, ఇంకేం చేయాలో ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత ఆమె కుట్టడం మెల్లమెల్లగా తగ్గించేసింది, ఒక జాకెట్టు కుడితే కాళ్ళు లాగేస్తున్నాయనేది, కొన్నాళ్ళకి "నా మోకాళ్ళు ఇంక ఆడవులేమ్మా, ఎవరికన్నా ఇచ్చేయండి" అంది. మేమూ నమ్మేశాం, వయసు కదా అనుకున్నాం. చూడ్డానికి వచ్చిన మెకానిక్ కూడా మోటారు బిగించుకోండి లేదా పాత ఇనుముకి వేసేయండి అన్నాడు, వంగి చక్రం ఒక్కసారి తిప్పి చూడలేదు. నాలుగేళ్ళ తర్వాత నేను నేల మీద కూర్చుని బెల్టు తీసి చక్రం తిప్పితే సగం చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది. మోకాళ్ళది కాదు తప్పు.

కాబట్టి మీరూ ముందు అదే చేయండి. బెల్టు తీసేయండి. ఇప్పుడు పైది వేరు, కిందది వేరు. కింద చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోసి వదిలేయండి. బాగున్న స్టాండైతే దానంతటదే కొన్ని చుట్లు తిరిగి, పెడల్ ఊగుతూ ఊగుతూ మెల్లగా ఆగుతుంది, చప్పుడుండదు. టక్కున ఆగిందంటే ఎక్కడో పట్టేస్తోంది. ఒక చోట తేలిగ్గా ఒక చోట బరువుగా ఉంటే కూడా లోపమే. ఆగిన తీరు, వచ్చిన చప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి, పని అయ్యాక మళ్ళీ ఇలాగే తోసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఈ స్టాండులో కదిలేవి మూడే చోట్లు. పెద్ద చక్రం ఇరుసు ఒకటి, పెడల్‌నీ చక్రాన్నీ కలిపే నిలువు రాడ్డు రెండు చివర్లూ ఒకటి, పెడల్ ఊగే రెండు పక్కల మొన స్క్రూలు ఒకటి. ఈ మూడూ వదులైతే అంతా వదులైనట్టే. పోత ఇనుము అన్నది మాత్రం మర్చిపోకండి, చూడ్డానికి మొండిగా ఉంటుంది గానీ సుత్తితో కొడితే వంగదు, విరుగుతుంది, విరిగినదాన్ని వెల్డింగ్ చేయడం మామూలు వెల్డర్ల వల్ల కాదు. ఎంత బిగుసుకున్నా సుత్తి ముట్టుకోవద్దు.

ఇరుసుతో మొదలెట్టండి. కిటికీలు తెరిచి, దగ్గర్లో స్టవ్వు, దీపం లేకుండా చూసుకుని, ఇంజెక్షన్ సిరంజితో చక్రం ఇరుసుకి రెండు వైపులా నాలుగు చుక్కల కిరసనాయిలు వేసి చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతూ ఉండండి. కింద పాత పేపర్లు పరవండి. కాసేపటికి ఇరుసు అంచున ఇటుకపొడి కలిపిన టీ డికాషన్ లాంటి రంగు ద్రవం ఊరుతుంది, అదే తుప్పు. గుడ్డతో తుడవండి, మళ్ళీ వేయండి, మళ్ళీ ఊపండి. మాకు మొదటిరోజు ఎర్రగా వచ్చింది, రెండో రోజు నల్లగా, మూడో రోజుకి కిరసనాయిలు కిరసనాయిల్లాగే వచ్చింది. అప్పటిదాకా ఆపకండి, ఎర్రగా వస్తుండగానే మిషనాయిలు వేసేస్తే తుప్పుపొడి నూనెలో కలిసి ఉప్పుకాగితంలా ఇరుసుని అరగదీస్తుంది. శుభ్రంగా వచ్చాక బాగా తుడిచి, ఒక పూట ఆరనిచ్చి, అప్పుడు మిషనాయిలు.

కొబ్బరినూనె వద్దు, వంటనూనె వద్దు, ఆముదం అసలు వద్దు. ఇవన్నీ గాలికి చిక్కబడి బంకలా అయిపోయేవే, మనం పోయిన పాఠంలో గీకి గీకి వదిలించింది అదే. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రే కూడా వదిలించేంతవరకే, దాన్నే నూనె అనుకుని వదిలేయొద్దు, కొన్నాళ్ళకి ఆరిపోయి ఇనుము ఇనుముని రాసుకుంటుంది.

ఇప్పుడు రాడ్డు. మాన్యువల్లో దీన్ని పిట్‌మన్ అని రాస్తారు, చాలా పాత స్టాండ్లలో చెక్కది కూడా ఉంటుంది. పై చివర చక్రానికి పక్కగా ఉన్న క్రాంకు అనే వంకర కడ్డీకి పట్టి ఉంటుంది, కింది చివర పెడల్‌కి. కొన్ని స్టాండ్లలో పై చివర లోపల చిన్న చిన్న బేరింగు గుండ్లుంటాయి, విప్పేముందు కింద పాత దుప్పటి పరుచుకోండి, గుండు ఒకటి పడిందంటే మొజాయిక్ నేల మీద ఎక్కడికి దొర్లుతుందో దేవుడికే తెలియాలి, విప్పగానే ఎన్నున్నాయో లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. గుండ్లు కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, కొంచెం గ్రీజు రాసి తిరిగి పెట్టాలి. బాగానే తిరుగుతుంటే విప్పే పనే లేదు, ఆయిలు వేసి వదిలేయండి, ఊరికే విప్పడం నాకు ఇష్టం ఉండదు.

టక్ టక్ మని చప్పుడొచ్చేది ఎక్కువగా ఈ రాడ్డు దగ్గరే. పెడల్ కిందకి వెళ్ళి పైకి మళ్ళేచోట ప్రతిసారీ ఒక టక్ వినిపిస్తుంది. మాదాంట్లో ఆ చప్పుడు పై తల్లోంచి వస్తోందనుకుని వారం రోజులు షటిల్ (బాబిన్ కూర్చునే భాగం) విప్పీ పెట్టీ చూశాను, ఎందుకంటే ఇనుము మొత్తం ఒకటే కదా, కింద కొడితే పైన మోగుతుంది. పట్టుకునే ఉపాయం ఏంటంటే బెల్టు లేకుండా ఒకరు పెడల్‌ని చేత్తో మెల్లగా ఆడిస్తుంటే ఇంకొకరు రాడ్డు పై చివర ఒక వేలు, తర్వాత కింది చివర ఒక వేలు ఆనించి చూడాలి, టక్ అన్నప్పుడు వేలికి చిన్న దెబ్బలా తగిలే చోటే అసలు చోటు. వేళ్ళు చక్రం చువ్వల మధ్యలోకి వెళ్ళకుండా జాగ్రత్త, పిల్లలు దగ్గరుంటే ఈ పని అప్పుడు పెట్టుకోకండి. కింది చివర బుష్, అంటే లోపల తొడిగే చిన్న గొట్టం, అరిగి ఉంటే చెన్నైలో పారిస్ కార్నర్ వైపు సందుల్లో మిషను సామాన్ల షాపులుంటాయి, పాతది చేతిలో పట్టుకెళ్ళి చూపించి అదే సైజు తెచ్చుకోండి. ఫోటో చూపిస్తే సరిపోదు, కంటికి ఒకేలా ఉన్నవి పిసరంత తేడాతో ఉంటాయి.

పెడల్ పక్కల మొన స్క్రూలకి లాక్ నట్లుంటాయి. ముందు నట్టు వదులు చేసి, స్క్రూని మెల్లగా బిగిస్తూ పెడల్ పక్కకి కదలడం ఆగేదాకా రండి, ఆగిందనగానే గడియారం ముల్లు ఐదు నిమిషాలు వెనక్కి జరిగినంత వెనక్కి తిప్పండి, స్క్రూని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని అప్పుడు నట్టు బిగించండి. స్క్రూని పట్టుకోకుండా నట్టు ఒక్కటే బిగిస్తే దాంతోపాటు స్క్రూ కూడా తిరిగి మళ్ళీ బిగుసుకుపోతుంది, చాలామంది దగ్గర తప్పేది ఇదే. సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుందంటే, రాడ్డు కింది చివర విడదీసి ఉంచి పెడల్ ముందు అంచు ఎత్తి వదిలితే దాని బరువుకి అదే పడాలి, పక్కకి లాగితే మాత్రం కదలకూడదు.

ఇంకోటి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. స్టాండు నాలుగు కాళ్ళూ నేలకి ఆనాలి. ఒక కాలు లేచి ఉంటే స్టాండు మెలితిరిగి చక్రం ఇరుసు కూడా ఆ మెలికతోనే తిరుగుతుంది, ఎంత ఆయిలు వేసినా బరువు పోదు. వెనకాల అడ్డంగా ఉన్న ఇనప పట్టీల బోల్టులన్నీ కొంచెం వదులు చేసి, ఇంట్లో అన్నిటికన్నా సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, టేబుల్ మీద రెండు చేతులతో నొక్కి స్టాండుని దానంతటది సర్దుకోనిచ్చి, అప్పుడు బోల్టులు ఒకటి ఇటు ఒకటి అటు కొంచెం కొంచెంగా బిగించండి. మాకు ఇది చేశాకే చక్రం సాఫీగా తిరిగింది, అంతకుముందు మూడు రోజుల కష్టానికి సగం ఫలితమే కనిపించింది.

ఇక బెల్టు. తోలుది గుండ్రంగా ఐదు మిల్లీమీటర్ల లావుంటుంది, దాదాపు ఆరడుగుల ముక్క అమ్ముతారు, ఒక ఇనప క్లిప్పు కూడా ఇస్తారు. ప్లాస్టిక్ రకాలూ దొరుకుతున్నాయి గానీ నేను తోలుదే వాడతాను, పట్టు బాగుంటుంది. ముందు కింద చక్రం గాడి, పై చక్రం గాడి రెండూ ఆయిలు లేకుండా పొడిగుడ్డతో తుడవండి, బెల్టుకి ఆయిలు తగిలితే జారుతుంది. బెల్టుని పై చక్రం గాడిలో వేసి, టేబుల్‌కున్న రెండు చిల్లుల్లోంచి దించి, కింద చక్రం చుట్టూ తిప్పి, రెండు కొసలూ చేత్తో లాగి పట్టుకుని కలిసేచోట పెన్నుతో గీత పెట్టండి. కోసేముందు ఇంకోసారి చూసుకోండి, పొడుగుంటే మళ్ళీ కోసుకోవచ్చు, పొట్టిదైతే ఆ బెల్టు పోయినట్టే. కొస నుంచి అర సెంటీమీటరు వదిలి బొక్క పెట్టి, క్లిప్పు గుచ్చి పటకారుతో ముక్కులు లోపలికి నొక్కేయండి, పైకి పొడుచుకుని ఉంటే చేతికి గీరుకుంటుంది.

ఎంత బిగువుండాలి అని అందరూ అడుగుతారు. జారకుండా ఉండేంత, అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువ వద్దు. చూసే పద్ధతి ఇది: పై చక్రం మీద సుద్దముక్కతో ఒక గీత పెట్టి, కింద చక్రాన్ని చేత్తో సరిగ్గా ఒక్క చుట్టు తిప్పి పైది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, మాదాంట్లో నాలుగుంపావు. తర్వాత మందపాటి గుడ్డ, జీన్స్ మడత లాంటిది మిషను పాదం (సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టేది) కింద పెట్టి మళ్ళీ తిప్పండి, లెక్క తగ్గితే బెల్టు జారుతోంది. లెక్క తగ్గకపోయినా తొక్కడం బరువెక్కితే ఎక్కువ బిగించారు. కొత్త తోలు నెల తిరిగేలోపు సాగుతుంది, అప్పుడు అర సెంటీమీటరు కోసి మళ్ళీ క్లిప్పు పెట్టుకోవాలి. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకి గాలిలో తేమ ఎక్కువై ఇంకాస్త వదులవుతుంది, ఆ మూడు నెలలు కుట్టని రోజుల్లో నేను బెల్టుని కింద చక్రం మీంచి పక్కకి దించేసి ఉంచుతాను. సముద్రపు గాలికి స్టాండు బోల్టులు కూడా తుప్పెక్కుతాయి, నెలకోసారి ఆయిలు గుడ్డతో ఒక్క తుడుపు చాలు.

అన్నీ బిగించాక వెంటనే గుడ్డ పెట్టేయకండి. సూది తీసేసి, పాదం పైకి ఎత్తి, పై చక్రం మధ్యలో ఉన్న చిన్న బిరడాని వదులు చేయండి, అప్పుడు తొక్కితే చక్రాలే తిరుగుతాయి, సూది కడ్డీ కదలదు. చెప్పులు తీసేసి రెండు పాదాలూ పెడల్ మీద పెట్టండి, కుడిది కొంచెం ముందుకి, ఎడమది కొంచెం వెనక్కి. పై చక్రం పైభాగాన్ని చేత్తో మీ వైపుకి తిప్పి, అది కదిలాకే కాళ్ళు కలపండి. చేత్తో ఎందుకంటే రాడ్డు నిట్టనిలువుగా అన్నిటికన్నా పైన గానీ కింద గానీ ఆగి ఉన్నప్పుడు కాలితో ఎంత నొక్కినా చక్రానికి ఎటు తిరగాలో తెలియదు, అప్పుడే వెనక్కి తిరిగేది, దారం తెగేది. రోజుకి పది నిమిషాలు, ముందు వేగంగా కాదు, ఎంత నెమ్మదిగా తొక్కినా వెనక్కి తిరగకుండా ఉండటమే సాధన చేయండి. అది వచ్చాక బిరడా బిగించి, సూది పెట్టి, దారం లేకుండా పిల్లల గీతల నోటుబుక్ కాగితం మీద గీత వెంబడి కుట్టండి, చిల్లులు గీత మీదే పడుతున్నాయా చూసుకోండి. కాగితానికి వాడిన సూది తర్వాత గుడ్డకి వద్దు, మొద్దుబారుతుంది. మిషను పాదం దించి ఉన్నప్పుడు కింద గుడ్డో కాగితమో లేకుండా మాత్రం తొక్కొద్దు, గుడ్డని జరిపే పళ్ళు ఆ పాదాన్నే కొరుకుతాయి.

స్టాండు పూర్తయిన రోజు సాయంత్రం అత్తయ్యని పిలిచి కూర్చోబెట్టాను, గుడ్డ లేదు దారం లేదు, ఊరికే. చక్రం మీద చెయ్యి వేసి రెండు చుట్లు తొక్కి ఆగింది, కిందకి వంగి చూసి "మోటారు పెట్టించావా ఏంటి?" అంది. లేదత్తయ్యా అన్నాను. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది, వంటకి లేటవుతోందని నేనే లేపాల్సొచ్చింది.

వచ్చే పాఠానికి బాబిన్ కేసు, షటిల్ బయటికి తీసి ఒక తెల్లగుడ్డ మీద పెట్టుకుని ఉండండి, కడగొద్దు, ఉన్నది ఉన్నట్టే ఉంచండి, లోపల ఇరుక్కున్న దారపు పీచు ఏ పక్క ఉందో చూస్తే కింది కుట్టు ఎందుకు ముడిపడుతోందో తెలుస్తుంది, అక్కడి నుంచి మొదలుపెడదాం.